అమ్మ తినడం ఎవరూ చూడలేదు

"ఈ రోజు కూడా పాలు ముట్టుకోకపోతే? రేపు అరటిపండు కూడా మానేస్తే? అప్పుడేం చేస్తామండీ?" అన్నాను, ఇంకా స్టవ్ వెలిగించకముందే.

గుమ్మం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటున్న మా ఆయన తలెత్తలేదు. "పాల ప్యాకెట్ కత్తిరించనే లేదు, అప్పుడే ఏడుపా? పొద్దున్నే నీ నోట ఒక్క మంచి మాట రాదు కదా."

"దాని నోరెప్పుడూ అంతేరా," అంది ముందు గదిలోంచి అత్తయ్య. "పెళ్ళిచూపుల్లోనే కుర్చీ విరుగుతుందేమోనని అంచున కూర్చుంది."

కూర్చున్నాను, నిజమే. నాకంటే నా భయం ముందు పుట్టింది. ఫోను మోగితే ముందు ఎవరు పోయారో అనుకుని, ఆ తర్వాతే ఎత్తుతాను. నా చదువు పదో తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది గానీ భయపడటంలో మాత్రం పెద్ద పెద్ద పట్టాలు పుచ్చుకున్నాను. కానీ ఆ రోజు నేనన్నది ఉత్త భయం కాదు. మా అమ్మాయి పాలు మానేసి అప్పటికి పంతొమ్మిది రోజులు.

దానికి ఆరేళ్ళు. సంతోషం వచ్చినా కంగారు వచ్చినా రెండు చేతులూ భుజాల దగ్గర రెక్కల్లా ఆడిస్తుంది. అందుకే నేను తూనీగ అంటాను. డాక్టరు కాగితం మీద ఆటిజం అని రాశాడు. దానికి మాటలు తక్కువ. ఉన్న కాసినీ మనం అడిగినదానికి జవాబుగా రావు. ఎప్పుడో ఎక్కడో విన్నవి, ఆలస్యంగా అందిన ఉత్తరాల్లా, వాటికి తోచినప్పుడు వస్తాయి. వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన వెంట వెళ్ళినప్పుడు విన్న లిఫ్టు గొంతు దానికి చాలా ఇష్టం. నిద్రొచ్చినా, తల దువ్వుకోనన్నా, ఇంటికెవరైనా కొత్తవాళ్ళు వచ్చినా, "తలుపులు మూసుకుంటున్నాయి," అంటుంది మర్యాదగా. ఆ తర్వాత నిజంగానే మూసుకుంటాయి.

ఐదంటే ఐదే తినేది. తెల్ల బ్రెడ్డు, అంచులు తీసేసి. ఒకే కంపెనీ గుండ్రటి బిస్కెట్లు, విరిగినవి పనికిరావు. మచ్చలేని అరటిపండు. ఉప్పు వేయకుండా ఉడకబెట్టిన బంగాళాదుంప. నీలం కప్పులో పాలు. ఒక్కోసారి నాకు అది ఒక చిన్న ఇల్లులా కనిపిస్తుంది. ఐదే కిటికీలున్న ఇల్లు. లోపల ఎక్కడో అది ఒక్కతే కూర్చుని ఉంటుంది, ఆ ఐదు కిటికీల్లోంచే లోకంలో ఉన్న వెలుగంతా దాని ఒళ్ళో పడాలి. అందులో పెద్ద కిటికీ పాలు. పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు. మిగతా నాలుగూ కలిపినా ఆ రెండు కప్పులకి సరితూగవు. పద్నాలుగు కిలోలుంది పిల్ల. "ఇంకో అరకిలో తగ్గిందంటే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందమ్మా," అన్నాడు డాక్టరు, పెన్ను మూత పెడుతూ. ఆ మూత పడిన చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

పాలు ఎందుకు మానేసిందో అర్థం కావడం లేదని ఇంట్లో అందరూ అన్నారు. అందరితోపాటు నేనూ అన్నాను. కానీ నాకు తెలుసు.

అత్తయ్య ఎవరో చెప్పారని ఒక బలం పొడి డబ్బా తెచ్చింది. "చిటికెడు కలుపు. తెల్లటిదాంట్లో తెల్లటిది, దానికేం తెలుస్తుంది?" అంది. కూడదని నా మనసుకు తోస్తూనే ఉంది. కానీ ఆ వారం పిల్ల మెడ దగ్గర ఎముక ఇంకాస్త పైకి తేలినట్టు కనిపించింది. వంటింట్లో గోడవైపు తిరిగి, దొంగలా, చెంచా కప్పుకి తగిలి చప్పుడు కాకుండా తిప్పి తిప్పి కలిపాను. చిటికెడు కాదు, ఆశకొద్దీ అరచెంచా వేశాను. తూనీగ కప్పు అందుకుంది. పెదవి తడుపుకుంది. ఆగింది. అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఆ పిల్ల ఎవరి ముఖంలోకీ చూడదని డాక్టర్ల కాగితాల నిండా రాసి ఉంటుంది. ఆ రోజు చూసింది. కప్పు మెల్లగా టేబుల్ మీద పెట్టి, "తలుపులు మూసుకుంటున్నాయి," అంది. అరవలేదు, విసిరికొట్టలేదు. విసిరికొడితే బాగుండేది. ఇంట్లో ఉన్న పెద్ద కిటికీని నా చేతులతోనే ఇటుకలు పేర్చి మూసేశాను.

"చిటికెడు అన్నాను గానీ చెంచాడు అన్నానా?" అంది అత్తయ్య తర్వాత, గొంతు తగ్గించి. "వాడికి చెప్పకు. ఇద్దరినీ తిడతాడు." అలా మేమిద్దరం, తొమ్మిదేళ్ళలో మొట్టమొదటిసారి, ఒక పక్షమయ్యాం.

నేను పనిచేసేది ఒక ఆస్పత్రి లాండ్రీలో, భూమి కింద గదిలో. ఎండ రాదు, ఆవిరి మాత్రం వస్తుంది. ఉతికి ఆరిన దుప్పట్లు తెల్లగా, వెచ్చగా, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడి విదిలిస్తాం, అది గాలి నింపుకుని మబ్బులా లేస్తుంది, దిగేలోపు ఒకరికొకరం ఎదురు నడిచి అంచులు కలుపుతాం, మళ్ళీ వెనక్కి. నాకెదురుగా నిలబడే ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దది. ఎదుటక్క అంటాను. పనిలో మాట్లాడకూడదని సూపర్‌వైజర్ రూలు. అందుకని అంచులు కలిసినప్పుడు ఒక మాట చెప్పుకుంటాం, దాని జవాబు తర్వాతి మడతకి వస్తుంది. మా స్నేహమంతా అలా మడతల్లోనే నడిచింది.

ఆ రోజు చెప్పాను. మొదటి మడతలో, "పొడి నేనే కలిపానక్కా." వెనక్కి నడిచాం. మబ్బు లేచింది, దిగింది. ఆవిడ దగ్గరికొచ్చి, "పిల్లకి చెప్పావా?" అంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాక, "దానికేం అర్థమవుతుందక్కా?" అన్నాను. ఈసారి ఆవిడ అంచు నా చేతిలో పెట్టి ఒక్క క్షణం వదలలేదు. "అర్థం కాని పిల్లకి అరచెంచా తేడా ఎలా తెలిసిందే పిచ్చిదానా?"

తర్వాత వచ్చినవి పిల్లల వార్డు దుప్పట్లు. చిన్నవి, ఒక్క మనిషి మడవగలిగినవి. వాటి మీద రంగు వెలిసిన కుందేళ్ళ బొమ్మలు ఉంటాయి. అవి చేతిలోకి వస్తే నా కళ్ళు నా మాట వినవు. ప్రతి కుందేలు పక్కనా ఒక ముక్కు, ముక్కులో గొట్టం కనిపిస్తాయి. ఆవిరిలో నిలబడి నేనెక్కడికో వెళ్ళిపోతాను. తెల్లటి పెద్ద మైదానంలాంటి చోటు, నేలంతా పాలు, చీలమండల దాకా. తూనీగ దూరంగా నడిచిపోతూ ఉంటుంది, నేను వెనకే పరిగెడుతుంటాను, నా చేతిలో చెంచా. ఆ చెంచా కనిపించకుండా కొంగులో దాచుకుంటాను. అది వెనక్కి తిరగకుండానే నా చేతిలో ఏముందో దానికి తెలిసిపోతుంది.

"ఏమ్మా, నిలబడి నిద్రా?" అన్నాడు సూపర్‌వైజర్. "పిల్ల బాలేదు, పిల్ల తినలేదు... రోజూ ఇదే పాట. నీ పిల్ల పాలు తాగితే నా దుప్పట్లు మడతపడతాయా?"

వారానికోసారి తూనీగని తిండి టీచరు దగ్గరికి తీసుకెళ్తాను. తినడానికి భయపడే పిల్లలకి మెల్లమెల్లగా తిండి మీద భయం పోగొట్టడం ఆవిడ పని. మొదటిసారి విన్నప్పుడు అత్తయ్య, "తినడానికి కూడా టీచరా! రేపు ఊపిరి పీల్చడానికి ఇంకో మాస్టార్ని పెట్టుకుందాం," అంది. కానీ ఆవిడ గదిలో ఒక నెమ్మది ఉంటుంది. పొట్టి టేబుల్, పొట్టి కుర్చీలు. తూనీగ ముందు దానికి నచ్చిన బిస్కెట్లున్న ప్లేటు, దాని పక్కన ఇంకో చిన్న ప్లేటు. ఆ పక్క ప్లేటులో ఒక కొత్త వస్తువు ఊరికే ఉంటుంది, అంతే. తినమని ఎవరూ అనరు. మొదటి నెలంతా ఒక క్యారెట్ ముక్క ఆ ప్లేటులో చుట్టంలా కూర్చుని వెళ్ళిపోయింది. రెండో నెలలో తూనీగ దాన్ని చెంచా చివరతో ఒక్కసారి తాకింది. నేను చప్పట్లు కొట్టబోతే టీచరు కళ్ళతోనే వద్దంది. "పొగిడినా బలవంతమేనమ్మా. మనం చూస్తున్నామని దానికి తెలిసిపోతుంది. చూడటం, ఒకే గదిలో ఉండటం, తాకడం, వాసన చూడటం, పెదవికి ఆనించడం, ఉమ్మేయడం... ఇవన్నీ మెట్లు. మనకి ఆఖరి మెట్టే కనిపిస్తుంది."

ఆ వారం బరువు చూసి ఆవిడ ముఖం కాస్త వాడింది. "పాలు ఉన్నట్టుండి మానేసిందంటే ఏదో జరిగుంటుంది. అందులో ఏమైనా కలిపారా?"

"లేదు మేడమ్," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. నోట్లో అరచెంచా పొడి ఉన్నట్టే అనిపించింది.

ఆవిడ గుచ్చి అడగలేదు. పెన్ను తిప్పుతూ, "మీ ఇంట్లో తను తినేటప్పుడు ఎవరెవరు కూర్చుంటారు?" అంది.

"నేనుంటాను మేడమ్. పెడతాను, తుడుస్తాను."

"అది కాదు. మీరెప్పుడు తింటారు?"

"అందరిదీ అయ్యాక."

"ఎక్కడ?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "వంటింట్లోనండీ. గట్టు దగ్గర. నిలబడే."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "అయితే తను పుట్టాక, మీరు తినడం ఒక్కసారైనా చూసిందా?"

బస్సులో ఇంటికొస్తూ అదే వెతుక్కున్నాను. ఆరేళ్ళు వెనక్కి నడిచాను, ఒక్కో గది తలుపూ తీసి చూశాను. మా ఆయన సోఫాలో తింటున్నాడు, ప్లేటు ఒళ్ళో, కళ్ళు టీవీలో. అత్తయ్య తన గదిలో తింటోంది, తలుపు దగ్గరగా వేసుకుని. తూనీగ టేబుల్ దగ్గర ఒక్కతే, పక్కన కాపలాదారులా నేను. నేను తింటున్న బొమ్మ ఏ గదిలోనూ లేదు. గిన్నె అడుగున మిగిలింది గీక్కుని, సింకులో నీళ్ళు పారుతుండగా, నాలుగు ముద్దలు. పిల్ల తినని బ్రెడ్డు అంచులు. చల్లారిన టీ. అది తిండి కాదు, గిన్నెలు కడగడంలో ఒక భాగం. ఎప్పట్నించి అని వెతికాను. అదీ దొరికింది. పెళ్ళైన మొదటి నెల. అందరం కలిసి కూర్చున్నాం. మా ఆయన నవ్వుతూ, "నువ్వు నమిలితే పక్కింటికి వినిపిస్తుందేమో," అన్నాడు. అంతే. ఎగతాళి కూడా కాదు, ఏదో సరదా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాటినించి, "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను," అన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మంచి కోడలు అన్నారు. కిటికీ అద్దంలో నా ముఖం కదిలిపోతున్న చెట్ల మీద తేలుతోంది, నోరు గట్టిగా మూసుకుని. పక్క సీట్లో తూనీగ నోరూ అలాగే ఉంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే తలుపు వెనక నిలబడ్డామా అనిపించింది. నలుగురిలో కూర్చుని తినడం నాకెవరూ నేర్పలేదు. దానికి నేను నేర్పాలంటున్నారు.

శనివారం నాకు సగం రోజే పని. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. తూనీగ టేబుల్ కింద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. టేబుల్ మీద ప్లేటులో అన్నం, కూర, ఎండి గట్టిపడి ఉన్నాయి. బిస్కెట్ల డబ్బా లేదు. బ్రెడ్డు లేదు. అరటిపళ్ళు లేవు.

"అటక మీద పెట్టాను," అన్నాడు మా ఆయన. ఆయన కూడా ఆ రోజు పనికి వెళ్ళలేదు. "మూడు రోజులు సెలవు పెట్టాను. మూడే రోజులు. ఇంట్లో మేమేం తింటామో అదే దానికీ. ఆకలేస్తే తినక చస్తుందా?"

"ఆకల్ని మించిన డాక్టరు లేడమ్మాయ్," అంది అత్తయ్య. "మా రోజుల్లో ఈ రోగాల పేర్లే లేవు."

"పొద్దున్నించి ఏం తింది?"

అత్తయ్య ఎండిన ప్లేటు మీద మూత పెట్టింది.

"నీళ్ళు?"

"గ్లాసు పెట్టాం. ముట్టలేదు," అన్నాడు ఆయన, నా వంక చూడకుండా.

నాలో ఉన్న భయమంతా ఒక్కసారి లేస్తుందనుకున్నాను. లేవలేదు. విచిత్రంగా లోపలంతా దుప్పటి విదిలించాక కిందికి దిగే క్షణంలా నెమ్మదిగా అయిపోయింది. స్టూలు తెచ్చుకుని అటక మీద చెయ్యి పెట్టాను. డబ్బా దింపాను. బ్రెడ్డు దింపాను. అరటిపళ్ళు దింపి మచ్చలేనిది ఏరాను.

"ఇంతసేపూ పడిన కష్టమంతా బూడిదపాలు చేస్తావా?" అన్నాడు ఆయన. "ఈ ఇంట్లో నా మాటకి విలువుందా లేదా?"

"లిఫ్టులో మనిషి ఇరుక్కుపోతే మీరేం చేస్తారు?" అని అడిగాను, స్టూలు మీదే నిలబడి.

"ఏంటి?"

"చెప్పండి. రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల మనిషుంది."

"ముందు మాట్లాడతాను, తలుపు సందులోంచి. నేనున్నాను, కంగారుపడకండి అని." చిరాగ్గానే చెప్పాడు, కానీ చేతికొచ్చిన పని కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాడు. "లాగకూడదు. లాగితే మధ్యలో పడతారు. లిఫ్టుని మెల్లగా అంతస్తుకి తెచ్చి..."

అక్కడ ఆగిపోయాడు.

"లోపల లైటు కూడా తీసేస్తారా?" అన్నాను.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "గొట్టం వేస్తారంటే నాకు మాత్రం భయం లేదా? నువ్వు పైకి అంటావు. నేను అనను. అంతే తేడా."

తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో భయపడేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. స్టూలు దిగాను. "పాలలో పొడి కలిపింది నేను," అన్నాను. "అది పాలు మానేసింది నావల్లే. మేడమ్ అడిగితే అబద్ధం చెప్పాను. సోమవారం ఫోన్ చేసి నిజం చెప్తాను."

ఆయన నన్ను చూశాడు, వాళ్ళమ్మని చూశాడు. అత్తయ్య గోడ మీద గడియారాన్ని చూసింది. నేను ఆవిడ పేరెత్తలేదు. చెంచా పట్టుకున్నది నా చెయ్యే కదా.

తర్వాత టేబుల్ కిందికి వంగాను. పిల్ల దగ్గరికి మరీ జరగలేదు. "తూనీగా, నీ పాలలో పొడి వేసింది అమ్మ. నీకు చెప్పకుండా వేసింది. అది తప్పు. ఇక వేయను." దాని కళ్ళు నేల మీద పడిన ఎండ చారని చూస్తున్నాయి. పైన టేబుల్ మీద నాలుగు బిస్కెట్లు, బ్రెడ్డు, అరటిపండు పెట్టాను. ఎదురుగా ఇంకో ప్లేటు పెట్టాను. ఆ ప్లేటు నాది. అందులో అన్నం, కూర వడ్డించుకున్నాను, పక్కన ఒక పచ్చి క్యారెట్ పెట్టుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంచున కాదు, వెనక్కి ఆనుకుని.

"పిల్ల తినకుండా తల్లికి ముద్ద ఎలా దిగుతుందో!" అంది అత్తయ్య, గాలితో చెప్పినట్టు.

దిగలేదు. మొదటి ముద్ద గొంతులో అడ్డంపడి రాయిలా నిలబడింది. నీళ్ళు తాగాను. రెండో ముద్ద దిగింది. మూడోదానికి ఉప్పు తెలిసింది. కూరలో ఉప్పు కాస్త తక్కువైంది, నేనే పొద్దున వండాను, ఇన్నేళ్ళుగా నా వంట రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. క్యారెట్ కొరికాను. కరకరమని గదంతా వినిపించింది. మా ఆయన తలెత్తాడు. నేను ఆగకుండా నమిలాను. ఇంకోసారి కొరికాను.

టేబుల్ కింద ఏదో కదిలింది. ముందు రెండు వేళ్ళు టేబుల్ అంచు మీదికొచ్చాయి. తర్వాత జుట్టు, తర్వాత కళ్ళు. అవి నా నోటిని చూస్తున్నాయి, టీవీ చూసినట్టు, కన్నార్పకుండా. ఒక చెయ్యి బిస్కెట్ వైపు వెళ్ళింది. నేను క్యారెట్ వంక చూస్తూ తిన్నాను. బిస్కెట్ అయిపోయిన చప్పుడు విన్నాను, అరటిపండు తొక్క ఒలిచిన చప్పుడు విన్నాను. చూడలేదు. చూడకుండా ఉండటం కంటే కష్టమైన పని నా జీవితంలో చేయలేదు.

సోమవారం రెండు పనులు చేశాను. తిండి టీచరుకి నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "చాలామంది కలుపుతారమ్మా. చెప్పేవాళ్ళు తక్కువ," అంది. "ఇక తన ఎదురుగానే ప్యాకెట్ కత్తిరించండి. వేరే గ్లాసు, లోపల ఏముందో కనిపించేది. మీ పాలు మీరు తాగండి. తనని ఒక్కసారి అడగండి, రెండోసారి వద్దు."

రెండోది, సూపర్‌వైజర్ బల్ల ముందు నిలబడి, పొద్దున అరగంట ఆలస్యంగా వచ్చి సాయంత్రం అరగంట ఎక్కువ చేస్తానన్నాను. "ఇంట్లో అంత రాచకార్యం ఏంటో?" అన్నాడు. "కూర్చుని టిఫిన్ తినాలి సార్," అన్నాను. వెనక ఎదుటక్క దుప్పట్లో ముఖం దాచుకుని దగ్గింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పిల్లకి బాలేదంటే కాదనడం ఆయనకి అలవాటే. తినాలి అనేదానికి ఏమనాలో తోచక కాగితం మీద సంతకం పెట్టేశాడు.

అప్పట్నించి రోజూ అదే టైముకి, అదే కుర్చీలో. కత్తెరతో ప్యాకెట్ మూల కత్తిరించడం, రెండు గాజు గ్లాసులు పెట్టడం, నా గ్లాసులో పోసుకోవడం. "పాలు పోయనా?" అని ఒక్కసారి అడగడం. ఆగడం. జవాబు రాదు. నేను తాగేస్తాను. ఖాళీ గ్లాసు ఖాళీగానే తీసేస్తాను. మా ఆయన మూడో రోజున ప్లేటు పట్టుకుని సోఫాలోంచి లేచొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను నమిలే చప్పుడు విన్నాడో లేదో తెలియదు, కాసేపయ్యాక ఆయనా ఒక క్యారెట్ తీసుకుని నాకంటే గట్టిగా కరకరలాడించాడు. క్షమాపణకి ఆయనకొచ్చిన భాష అదే అనుకున్నాను. "మీరూ రండి అత్తయ్యా," అంటే ఆవిడ, "నేను తర్వాత తింటాలే," అంది. ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టే ఉంది. ఆవిడ ఏం ఇష్టంగా తింటుందో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదని అప్పుడు తట్టింది, కన్నకొడుక్కి కూడా. వారం దాటాక ఒక పొద్దున, "మోకాళ్ళు లాగుతున్నాయి, ఆ గదిదాకా ఎవరు నడుస్తారు," అని గొణుక్కుంటూ వచ్చి నాలుగో కుర్చీలో కూర్చుంది.

పన్నెండో రోజు బరువు చూశారు. మూడు వందల గ్రాములు తగ్గింది. డాక్టరు గోడ మీద కేలెండర్ వంక చూశాడు. "ఇంకో వారం. అంతే. తర్వాత నేను ఆగలేను." ఆ మధ్యాహ్నం లాండ్రీలో పిల్లల దుప్పట్లు మడుస్తూ కుందేళ్ళ వంక చూడకుండా ఉండలేకపోయాను. "నేను చేస్తున్నది తప్పైతే?" అన్నాను, తర్వాత వచ్చిన పెద్ద దుప్పటి మడత దగ్గర. ఎదుటక్క జవాబు తర్వాతి మడతకి కూడా రాలేదు. ఆవిడకీ తెలియదు. ఎవరికీ తెలియదు. ఆవిరిలో దుప్పటి పైకి లేచి, చాలాసేపు అక్కడే ఉండిపోయినట్టు అనిపించింది.

వారంలో ఆరు రోజులు గడిచాయి. ఏడో పొద్దున నలుగురం కూర్చున్నాం. బయట వాన వెలిసి కిటికీ అద్దం మీద చుక్కలు జారుతున్నాయి. వెలుగు వాటిలోంచి వచ్చి టేబుల్ మీద వణుకుతోంది. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆస్పత్రికి పట్టుకెళ్ళే సంచీ మా ఆయన అప్పటికే సర్ది తలుపు పక్కన పెట్టాడు. దాని వంక ఎవరం చూడటం లేదు. కత్తెర తీశాను. ప్యాకెట్ మూల కత్తిరించాను. నా గ్లాసులో పోసుకున్నాను. రెండు చుక్కలు బల్ల మీద పడ్డాయి.

"పాలు పోయనా?" అని అడిగాను.

ఆగాను. ఫ్రిజ్ మోటారు ఆగిపోయింది. ఆగేదాకా అది మోగుతోందని తెలియలేదు. కిటికీ మీద ఒక చుక్క ఇంకో చుక్కని కలుపుకుని కిందికి జారింది. అత్తయ్య చేతిలో బ్రెడ్డు ముక్క అలాగే ఉంది. మా ఆయన ఊపిరి వినిపిస్తోంది. తూనీగ చేతులు ఆడటం మానేశాయి. ఒక్క ముద్ద తిను తల్లీ, ఒక్క గుక్క బంగారం, అమ్మ కోసం... నేను మింగిన బతిమాలడాలన్నీ నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి. వాటి మీదుగా పాలు తాగాను. సగం గ్లాసు అయింది. ఇక రోజూలాగే దాని ఖాళీ గ్లాసు తీసేద్దామని చెయ్యి చాపాను.

"వద్దు," అంది తూనీగ.

అది ఏ లిఫ్టు గొంతూ కాదు. బొంగురుగా, చిన్నగా, దానిదే. అడిగినదానికి జవాబు. అత్తయ్య నోరు తెరవబోతే మా ఆయన ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. నా గుండె కిందికి, కిందికి దిగిపోతోంది. అయినా వద్దన్న మాట అన్నవాళ్ళదే. నాకెప్పుడూ దాన్ని అనడం రాలేదు, కనీసం వినడమైనా రావాలి.

"సరే," అన్నాను. రెండో చేతిలో ఉన్న ప్యాకెట్ బల్ల మీద పెట్టేశాను.

రెండు చిన్న చేతులు వచ్చి దాన్ని దగ్గరికి లాక్కున్నాయి. కత్తిరించిన మూల దాకా వంగి వాసన చూసింది. తన ఖాళీ గ్లాసు ఎత్తి వెలుగుకి అడ్డంగా పట్టుకుని అడుగు దాకా చూసింది. గ్లాసు కింద పెట్టి, ప్యాకెట్ రెండు చేతులా పట్టుకుంది.

"నేను పోస్తా."